బూజుకి జోలపాట

జులై 3

అన్నయ్యకి,

ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊకొడతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో అయినా నా మాట చివరిదాకా సాగుతుంది.

కొత్త ఉద్యోగంలో కుదురుకున్నాను. మ్యూజియం వెనకవైపు ఒక పొడవాటి గది, ఉత్తరం వైపు కిటికీలు, నీళ్ళ కుళాయి ఒకటి, అది కట్టినా కారుతుంది. నాకు అప్పగించింది ఒక తెర. ఎప్పుడో ఊరూరా తిరిగిన నాటక కంపెనీది. రాజుగారి ఉద్యానవనం, పాలరాతి మెట్లు, కొలను, రెండు నెమళ్ళు, మూలల్లో గుబురుగా చెట్లు. పరిస్తే గదంతా అదే. దాన్ని చుట్టచుట్టి ఏళ్ళ తరబడి నేలగదిలో పడేశారు. గోడ చెమర్చి లోపలికి నీళ్ళు దిగాయి. విప్పి చూస్తే నిండా బూజు. నెమళ్ళకి ముసలితనం వచ్చి గడ్డాలు నెరిసినట్టున్నాయి.

కొత్త హాలు తెరిచేలోగా ఇది గోడకెక్కాలి. డైరెక్టరుగారు రోజూ గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, అయిపోయినట్టేనా?" అంటారు. అయిపోయినట్టే అనిపించుకోవాలని ఆయన తాపత్రయం. నేను మాత్రం పొద్దస్తమానం తెర మీదే ఉంటున్నాను. నడుము పట్టేస్తోంది. వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లి


జులై 11

చెల్లికి,

ఇక్కడ నేనూ, మీ వదినా, మన పురుగుమందుల కొట్టూ బాగున్నాం. పంటలకి పురుగు బాగా పట్టింది, అందుచేత మనమూ బాగున్నాం.

నీ ఉత్తరం మీ వదిన చదివి వినిపించింది. "పొద్దస్తమానం తెర మీదే ఉంటున్నాను" అన్నచోట గబుక్కున ఆగిపోయింది. మిగతాది నేను కళ్ళజోడు వెతుక్కుని చదువుకునే లోపల ఎదురింటికి వెళ్ళి నువ్వు సినిమాల్లో చేరావని చెప్పేసి వచ్చింది. ఎదురింటి కుట్టుమిషనావిడ ఏ హీరో పక్కన అని అడిగిందట. ఇప్పుడు కాదంటే పరువు పోతుంది. ఒకటి రెండు వేషాలు వేసి, నచ్చక మానేశావని చెబుదామనుకుంటున్నాం. నువ్వు వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే ఆ మాట మీదే ఉండు.

ఇక బూజు సంగతి. నిన్ను అన్నేళ్ళు చదివించింది బూజు దులపడానికా? పొడుగు కర్రకి చీపురు కట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని, పైనుంచి కిందికి లాగితే మీ వదిన ఇల్లంతా మధ్యాహ్నం భోజనం వేళకి ముగిస్తుంది. సాలీడుని మాత్రం వదలకు. అది ఉన్నన్నాళ్ళూ మళ్ళీ అల్లుతూనే ఉంటుంది. కావాలంటే సాలీడుకి మన దగ్గర మందుంది.

అన్నయ్య


జులై 19

అన్నయ్యకి,

ఇది సాలీడు బూజు కాదు. తడిసిన చెప్పుల మీదా, పాత పచ్చడి మీదా పడుతుందే, ఆ బూజు. ప్రాణం ఉన్న బూజు. అది బట్టనీ, రంగులో కలిపిన జిగురునీ తిని బతుకుతోంది.

నువ్వు మందు అంటావని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. గట్టి మందులు కొడితే బూజు చస్తుంది, దాంతోపాటు బొమ్మా చస్తుంది. ఇవి జిగురు రంగులు, తడి తగిలితే కారిపోతాయి. కొన్ని రంగులకి కొన్ని మందులు పడవు. పైగా కొట్టిన మందు ఎక్కడికీ పోదు, దారాల్లోనే ఉండిపోతుంది. నా ముందు పనిచేసినవాళ్ళెవరో పురుగు పట్టకుండా ఈ తెర మడతల్లో తెల్లపొడి చల్లారు. వాళ్ళు రిటైరైపోయారు గానీ పొడి రిటైరవలేదు. దానికి భయపడి మేం ఇప్పటికీ ముఖానికి మాస్కు, చేతులకి తొడుగులు, ఒంటికి గౌను వేసుకుని పనిచేస్తున్నాం.

అందుకని ముందు గదిలో తేమ తగ్గిస్తాం. తేమ లేకపోతే బూజు పెరగడం మానేసి నిద్రపోతుంది. నిద్రపోయినదాన్ని మెత్తటి కుంచెతో లేపకుండా తీసేస్తాం. మొండిగా ఉన్నచోట మాత్రం, ముందు ఒక అంచున పరీక్ష చేసుకుని, దూదితో కొంచెం ఆల్కహాల్ అద్దుతాం. సాయంత్రానికి ఆ వాసనకి తల తిరుగుతుంది, అంతే. దాన్ని చంపనక్కర్లేదు అన్నయ్యా, నిద్రపుచ్చితే చాలు.

చెల్లి


జులై 28

చెల్లికి,

నిద్రపుచ్చడమేమిటి? బూజుకి జోలపాట పాడతావా? శత్రువు నిద్రలేస్తే ఏం చేస్తావు, పాలు కలిపిస్తావా? నేను నా జీవితమంతా ఈ వ్యాపారంలో ఉన్నాను. కొట్టుకి వచ్చినవాడెవడూ "అయ్యా, మా చేలో పురుగుని కాసేపు పడుకోబెట్టండి" అని అడగలేదు.

మందంటే నీకంత భయం ఎందుకు? అమ్మేవాణ్ణి నన్ను చూడు. మందులో సత్తా లేదని రైతు అనుమానపడితే మూత తీసి, వేలు ముంచి, నాలిక మీద రాసుకుని చూపించేవాణ్ణి. వాడు మారుమాట లేకుండా కొనుక్కుని పోయేవాడు. తొడుగులూ మాస్కులూ నేను పుట్టి బుద్ధెరిగాక వేసుకోలేదు. రాయిలా ఉన్నాను.

ఒక పార్సిలు పంపుతున్నాను. పెద్ద డబ్బా బూజుకి, గంధకం మందు. చిన్న డబ్బా పురుగుకి, బూజు ఉన్నచోట పురుగు ఉండకపోదు. రెండూ కలిపి కొట్టు. వాడే విధం చీటీ మీద రాశాను. నువ్వు అక్కడ ఏ హోదాలో చలామణీ అవుతున్నావో తెలియక "తెర డాక్టరమ్మ, మ్యూజియం" అని రాశాను. చేరుతుంది.

ఇంకో సంగతి. నువ్వు ఆల్కహాల్ అన్నదీ, సాయంత్రానికి తల తిరుగుతుందన్నదీ చదివి మీ వదిన రెండు రోజులుగా ముభావంగా ఉంది. "సినిమావాళ్ళలో ఇది మామూలేనటండీ" అంది నిన్న. నువ్వు సినిమాల్లో లేవని ఆవిడే మరిచిపోయింది.

ఉక్కులాంటి నీ అన్నయ్య


ఆగస్టు 16

అన్నయ్యకి,

నీ పార్సిలు చేరింది. తేమ లాగే యంత్రం తేవడానికి నేను పొరుగూరు వెళ్ళిన రోజునే చేరింది. తెర డాక్టరమ్మ అని ఉంది కాబట్టి గుమాస్తా దాన్ని డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాడు. ఆయన విప్పారు. నీ చీటీలో ఏముందో నీకు గుర్తుందా? "ఎకరానికి డబ్బా. తెరకి నాలుగు మూతలు చాలు. తెల్లారేసరికి శత్రుశేషం ఉండదు" అని ఉంది. అది నేనే తెప్పించాననుకున్నారు ఆయన. నేను వచ్చేసరికి పని ముగించి నన్ను ఆశ్చర్యపరుద్దామని, గులాబీలకి మందు కొట్టే పంపుతో సహా తోటమాలిని పిలిపించారు.

ఒక మూల కొట్టేసరికి తోటమాలికి కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు ధారకట్టాయి. కిటికీలు మూసి ఉన్నాయి మరి. డైరెక్టరుగారు బయటికి వచ్చి గుమ్మం మెట్ల మీద కూర్చుని వాంతి చేసుకున్నారు. ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తోటమాలిని అక్కడే ఉంచేశారు, ఇవాళే ఇంటికి పంపారు. నా గదికి తాళం పడింది.

తెర సంగతి విను. బొమ్మలో కొలను కారి పాలరాతి మెట్ల మీదకి వచ్చింది. ఆ మూలనున్న చెట్ల ఆకుపచ్చలో రాగి ఉంది, నీ మందులో గంధకం ఉంది. రెండూ కలిసి చెట్లన్నీ మాడిపోయిన గోధుమరంగుకి తిరిగాయి. అది మళ్ళీ పచ్చబడదు. ఆ బొమ్మ వేసిన మనిషి ఎవరో కూడా మనకి తెలియదు. ఇన్నాళ్ళూ నీళ్ళని ఓర్చుకుంది, బూజుని ఓర్చుకుంది. నీ ప్రేమని ఓర్చుకోలేకపోయింది.

మ్యూజియం కమిటీ వాళ్ళు నా సంజాయిషీ అడిగారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నాకిక ఏమీ పంపకు. సలహా కూడా పంపకు.

చెల్లి


ఆగస్టు 24

గౌరవనీయులైన చెల్లెలు గారికి,

తమరి లేఖ అందినది. తమరికి కలిగిన కష్టమునకు చింతించుచున్నాను. చదువుకున్నవారి వ్యవహారములలో చదువులేనివారు తలదూర్చరాదని గ్రహించితిని. ఇకపై తమరికి పార్సిలు గానీ, సలహా గానీ, ఆశీర్వచనము గానీ పంపబడవు.

తోటమాలి గారి ఆరోగ్యము ఎటులున్నదో వీలైనచో తెలుపగలరు. అది ఒక్కటి తెలిసిన చాలును.

ఇట్లు
తమరి పూర్వపు అన్నయ్య

(ఈ మూల నేను రాస్తున్నానమ్మా, వదినని. ఆయన చూడకుండా రాసి అంటిస్తున్నాను. పైకి అలా రాశారు గానీ మూడు రోజుల్నుంచి సరిగా తినడం లేదు. తోటమాలికి కళ్ళనీళ్ళూ ముక్కునీళ్ళూ అని నువ్వు రాసింది చదివినప్పటి నుంచీ నాకు గుబులుగా ఉంది. ఈయనకి ఎప్పుడూ అంతే కదా. జలుబు అంటారు. తలనొప్పి అంటే ఎండ అంటారు. చొక్కా గుండీలు నేను పెడుతున్నాను, వేళ్ళు వణుకుతున్నాయి. అక్షరాలు చూడు, నీకే తెలుస్తుంది. నువ్వు తాగకు తల్లీ.)


ఆగస్టు 30

అన్నయ్యకి,

తోటమాలి బాగున్నాడు. గులాబీల దగ్గరికి వచ్చాడు కూడా. నా ఉద్యోగం నిలబడింది. కమిటీ ముందు తోటమాలే చెప్పాడు, "డైరెక్టరుగారు కొట్టమన్నారు, నేను కొట్టాను. అమ్మగారు ఊళ్ళోనే లేరు" అని. డైరెక్టరుగారు కాసేపు పైకప్పు చూసి, ఔనన్నారు. ఆ ఒక్కమాటకి ఆయన మీద కోపం సగం పోయింది.

నేను రాసింది కోపంలో రాశాను. ఆ ఉత్తరం వెనక్కి తీసుకోను, తెర పాడైంది నిజం. కానీ పూర్వపు అన్నయ్య ఏమిటి? ఆ ఉద్యోగానికి రాజీనామా చెల్లదు.

ఇప్పుడు నేను చెప్పేది పోట్లాట కాదు. తోటమాలిని చూసిన డాక్టరుగారితో నీ గురించి చెప్పాను. వేలు ముంచి నాలిక మీద రాసుకోవడం గురించి చెబితే ఆయన కలం కింద పెట్టి, "ఇంకా ఉన్నారా?" అని అడిగారు. నువ్వు పంపిన చిన్న డబ్బాలో ఉండేలాంటి పురుగుమందులు పురుగు నరాల మీద పనిచేస్తాయిట. మనిషి నరాలూ ఆ దారే. ఒక్కసారే ఎక్కువగా పోతే తోటమాలిలా పడిపోతారు. కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి పోతే జలుబనీ ఎండనీ వయసనీ అనుకుంటూ తిరుగుతారు. రక్తపరీక్ష ఉందిట. చేయించుకో. నీ మందు నా తెరని పాడుచేసినందుకు శిక్షగా అయినా చేయించుకో.

నేను ఈ తెరని పోగొట్టుకుంటే ఇంకో తెర ఇస్తారు. ఇంకో అన్నయ్యని ఎవరూ ఇవ్వరు.

నీ చెల్లి


సెప్టెంబరు 12

చెల్లికి,

పరీక్షకి నేను వెళ్ళలేదు. మీ వదిన తన మోకాలు చూపించుకోవాలని తోడు తీసుకెళ్ళింది. లోపలికి వెళ్ళాక నర్సు నా చొక్కా చెయ్యి మడిచింది. "మోకాలు ఆవిడది" అన్నాను. "రక్తం మీది" అంది. ముందే మాట్లాడుకున్నారు.

ఫలితం నువ్వు చెప్పినట్టే వచ్చింది. డాక్టరు కాగితం చూసి నావైపు, నావైపు చూసి కాగితం వైపు చూశాడు. "ఏం వ్యాపారం?" అన్నాడు. చెప్పాను. "మీ సరుకు మీలో చాలా ఉంది" అన్నాడు. రక్తం తేరుకునేదాకా కొట్టు గుమ్మం తొక్కకూడదట. బావమరిది చూసుకుంటున్నాడు. తొడుగులు వేసుకుని అమ్ముతున్నాడు, రైతులు వాడికేదో చర్మరోగమనుకుంటున్నారు.

నేను ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఉండటం చాలా కష్టమైన పని, ఇన్నాళ్ళూ మీ వదిన ఎలా చేసిందో. పొద్దున్న వంటింట్లో డబ్బాలు సర్దబోతే కేకలేసింది. మధ్యాహ్నం వీధిలో కూర్చుంటే కుట్టుమిషనావిడ నీ తర్వాతి సినిమా గురించి అడుగుతోంది.

నిజం చెప్పనా? భయంగా ఉంది. వణుకు చెయ్యిదనే అనుకుంటున్నాను గానీ, మనసులో కూడా కొంచెం ఉంది. మీ వదినకి చెప్పలేదు. రాయిలా ఉన్నానని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి.

అన్నయ్య


సెప్టెంబరు 17

అన్నయ్యకి,

రా. వదినని కూడా తీసుకురా. నా గది తాళం తీశారు, కడిగి గాలాడించారు, డాక్టరుగారు చూసి సరేనన్నారు. నీ మందు పడిన మూలని కత్తిరించినట్టు వేరుగా కప్పి ఉంచాం, దాని దగ్గరికి నిన్ను పోనివ్వను. తేమ లాగే యంత్రాలు రాత్రీ పగలూ తిరుగుతున్నాయి. వాటి తొట్టెల్లో నీళ్ళు నిండితే పారబోయాలి, మీటరు మీద తేమ ఎంతుందో చూసి చెప్పాలి. కూర్చుని చేసే పని. అరవడం అవసరమైతే అరవచ్చు.

చెల్లి


నవంబరు 9

అన్నయ్యకి,

మీరిద్దరూ వెళ్ళాక గది బోసిపోయింది. మీటరు చూసి ఆటలో స్కోరు చెప్పినట్టు గట్టిగా తేమ చెప్పేవాళ్ళు లేరు. గుమ్మంలో తుమ్మినవాణ్ణి "బయటికి" అని తరిమేవాళ్ళూ లేరు. డైరెక్టరుగారు ఇప్పటికీ తుమ్మొస్తే బయటికే పరిగెడుతున్నారు.

నువ్వు నాకు చెప్పని సంగతి ఒకటి నిన్న తోటమాలి చెప్పాడు. నేను కమిటీకి వెళ్ళిన పూట మందుల కంపెనీ అతను పెట్టెతో వచ్చాడట కదా. ఒక్క పూటలో బూజు మాయం, రంగుకి హామీ అన్నాడట. హాలు తెరిచే రోజు దగ్గరపడిందని డైరెక్టరుగారు మెత్తబడుతున్నారట. నువ్వు తొట్టె పక్కన పెట్టి వచ్చి అంతా విన్నావట.

"బాగా చెప్పావు బాబూ. నేనైనా ఇలాగే చెప్పేవాణ్ణి" అన్నావట. అతను సంతోషించాడట. "తొడుగులు వేసుకుంటావా?" అని అడిగావట.

"అలవాటు లేదండీ. నాకేం కాదు" అన్నాడట అతను.

"చెయ్యి చాపు" అన్నావట. అతను చాపితే పక్కన నీ చెయ్యి చాపి పెట్టావట. తోటమాలి మాటల్లోనే చెబుతున్నాను, "అమ్మా, మీ అన్నగారిదే నయం. ఆ కుర్రాడిది ఇంకా ఎక్కువ ఊగింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటూ ఎంతసేపు నిలబడ్డారో" అన్నాడు. తర్వాత నువ్వే అతని పెట్టె మోసుకుంటూ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళావట. డైరెక్టరుగారు తన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారట. మళ్ళీ నా దగ్గర మందు మాట ఎందుకు ఎత్తలేదా అనుకున్నాను, ఇదన్నమాట సంగతి.

ఇక అసలు వార్త. బూజు నిద్రపోయింది. కుంచెతో అంతా తీసేశాం. నెమళ్ళకి పడుచుదనం తిరిగొచ్చింది. తెర గోడకెక్కింది, హాలు తెరిచారు, జనం బాగా వచ్చారు.

ఒక్క పేచీ మిగిలింది. జనమంతా ఆ మాడిన మూల దగ్గరే నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. "ఈ భాగం ఇలా ఎందుకుంది?" అని ఒకాయన అడిగితే డైరెక్టరుగారు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "ఉద్యానవనంలో అటువైపు ఆకురాలే కాలం. చిత్రకారుడి ఊహ" అన్నారు. అడిగినాయన తల ఊపి, తన భార్యకి కూడా అదే చెప్పాడు. నేను ఆ పక్కన చిన్న బోర్డు పెట్టాను, ఈ మూల రంగు మారడానికి కారణం ఈ మ్యూజియంలోనే కొట్టిన గంధకం మందు అని. మర్నాటికి బోర్డు లేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ లేదు. ఇప్పుడు మేకులతో కొట్టాను.

వస్తువుకి ఏం చేశామో, ఏ మందు ఎక్కడినుంచి వచ్చిందో అంతా రాయడం మా వృత్తిలో పద్ధతి. కమిటీ కూడా పూర్తిగా రాయమంది. నీ కొట్టు పేరు రాయనా? నీకు బాధ కలిగితే "ఒక బంధువు పంపినది" అని ఊరుకుంటాను. నువ్వు చెప్పినట్టే చేస్తాను.

నీ చెల్లి


నవంబరు 20

చెల్లికి,

రక్తం తేరుకుందని డాక్టరు చెప్పాడు. పూర్తిగా కాదు, రోజుకి ఒక పూట కొట్టుకి వెళ్ళొచ్చన్నాడు. నిన్న వెళ్ళాను. నా గుండీలు నేనే పెట్టుకుని వెళ్ళాను, ఒకటి తప్పు కన్నంలో పడింది గానీ మీ వదిన సరిచేయలేదు, చూస్తూ ఊరుకుంది. ఆవిడ ముఖం చూడాల్సింది.

తొడుగులూ మాస్కూ వేసుకుని గల్లా దగ్గర కూర్చుంటే మొదటి రైతు గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు, ఆసుపత్రి అనుకున్నాడు. పిలిచి కూర్చోబెట్టి, అతనికీ ఒక జత తొడుగులు ఇచ్చాకే డబ్బా ఇచ్చాను. వద్దన్నాడు. అయితే మందు లేదన్నాను. బావమరిది నావైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ కంపెనీ కుర్రాడు కూడా ఉత్తరం రాశాడు. పెట్టె అప్పజెప్పేసి వాళ్ళన్నతో కలిసి సైకిళ్ళ దుకాణం పెడతాడట. అక్షరాలు నావాటికంటే అధ్వాన్నంగా ఉన్నాయి. జవాబు రాశాను.

బోర్డు సంగతి. మేకులతో కొట్టడం మంచిదైంది. ఆకురాలే కాలమేమిటి, ఆయన మొహం. ఉన్నది ఉన్నట్టు రాయి. నా కొట్టు పేరు పెద్ద అక్షరాలతో రాయి, నేనేమీ అనుకోను. అడ్రసు మాత్రం రాయకు. మన జనం సంగతి నీకు తెలియదు. అంత పెద్ద చెట్లని ఒక్క పూటలో మాడ్చేసిన మందు ఎక్కడ దొరుకుతుందో అని వెతుక్కుంటూ వచ్చేస్తారు.

అన్నయ్య